రెండెకరాల కౌలుతో కోనసీమలో స్థిరపడాలంటే ముందు ఏ కాగితం?

అమ్మా,

మీరు రాసిన సంగతిని ముందు ఒకసారి చెప్పుకుంటాను, ఇదే స్థితిలో ఉన్న మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీరూ మీ ఆయనా శ్రీకాకుళం జిల్లా నుంచి మొదట ఊడ్పుల ముఠాతో కోనసీమకు వచ్చారు. తర్వాత రాజోలు వైపు ఒక ఊళ్లో అద్దె ఇంట్లో ఉండిపోయి, రెండెకరాల చేను నోటిమాట మీద కౌలుకు చేస్తున్నారు. భూమి యజమాని హైదరాబాదులో ఉంటారు. మీ బియ్యం కార్డూ ఓట్లూ ఇంకా సొంతూరిలోనే ఉన్నాయి, పిల్లలు మాత్రం ఇక్కడి బడిలో చదువుతున్నారు. ఇక్కడి స్థిరనివాసులుగా గుర్తింపు రావాలంటే ముందు ఏ కాగితం చేయించుకోవాలనీ, కాలువ గట్టున అమ్మకానికి వచ్చిన మూడు సెంట్లు కొనవచ్చా అనీ మీరు అడిగారు.

నేను గ్రామ రెవెన్యూ ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి. ఇప్పుడు కౌలు రైతులకు దరఖాస్తులు రాసిపెడుతూ, అవసరమైతే కార్యాలయాలకు తోడు వెళుతూ ఉంటాను. నా సలహా సూటిగా చెబుతున్నాను. ముందు కౌలు కార్డు చేయించుకోండి. ఆధార్ చిరునామా, బియ్యం కార్డు, ఓటు ఆ తర్వాత. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. చిరునామా మార్చుకుంటే ఊరివాళ్లమైపోతామనుకుని నెలల తరబడి దాని వెనుక తిరుగుతారు, ఈలోగా కౌలు కార్డుల కాలం దాటిపోతుంది. నివాసం కాగితాలు ఏ నెలలోనైనా చేయించుకోవచ్చు. సాగు కాగితానికి అదను ఉంది. పైగా మిమ్మల్ని ఈ ఊళ్లో నిలబెడుతున్నది ఆ చేనే. దాని మీద వచ్చే రాబడి మీ పేరున పడనంతకాలం, ఎన్ని కార్డుల మీద ఈ ఊరి పేరు రాయించుకున్నా ఏటా వేసవిలో మళ్లీ ఎక్కడికి వెళ్లాలా అన్న ఆలోచన తప్పదు.

ఒక మాట మనసులో పెట్టుకోండి. దేశంలో ఎక్కడైనా నివసించి స్థిరపడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణమే ఇచ్చింది. శ్రీకాకుళం నుంచి కోనసీమకు రావడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకే స్థిరనివాసాన్ని ఒక్క దెబ్బతో తేల్చే పత్రం ఏదీ లేదు. రెవెన్యూ, పౌరసరఫరాలు, ఎన్నికలు, విద్య, ఒక్కో శాఖ తన దస్త్రం తాను చూసుకుంటుంది. ఆ దస్త్రాలన్నింటిలో మీ పేరూ ఊరూ ఒకే తీరుగా కనిపించేలా చేసుకోవడమే మీ పని.

ఇక కౌలు కార్డు. 2011 చట్టం కింద కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇచ్చేవారు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాక పంట సాగుదారు హక్కు పత్రం ఇస్తున్నారు. గ్రామ సచివాలయంలో సీసీఆర్‌సీ అంటారు, ఊళ్లో కౌలు కార్డు అంటారు. యజమానీ సాగుదారూ 11 నెలలకు నిర్ణీత నమూనాలో ఒప్పందం రాసుకుని సంతకాలు చేస్తే, గ్రామ రెవెన్యూ అధికారి పరిశీలించి కార్డు ఇస్తారు. ఇది భూమి మీద మీకు ఏ హక్కూ ఇవ్వదు. పంట మీద ఇస్తుంది. ఏటా కొత్తగా చేయించుకోవాలి.

అసలు చిక్కు యజమాని సంతకం దగ్గరే. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు, దాన్ని తీసిపారేయకండి. 1956 నాటి కౌలుదారీ చట్టానికి 1974లో సవరణ వచ్చాక కౌలు కనీసం ఆరేళ్లు ఉండాలన్న నియమం ఏర్పడింది. ఆ రోజుల్లో కోర్టుకెక్కిన తగాదాలు డెల్టాలో చాలా కుటుంబాలు ఇప్పటికీ చెప్పుకుంటాయి. తాతలనాడు విన్న మాట మనవళ్ల దాకా వచ్చింది, సంతకం పెడితే చేను పోతుందని. మీరు ఆయన ముందు వాదన పెట్టుకోవద్దు. ఒప్పందం నమూనా కాగితాన్నే చేతికిచ్చి చదవమనండి. గడువు 11 నెలలు. ఆ గడువు దాటితే కార్డు చెల్లదు. 1-బీలో, అంటే భూమి సొంతదారుల రికార్డులో, ఆయన పేరు కదలదు. భూమి మీద ఆయన తీసుకున్న అప్పుతో మీ కార్డుకు సంబంధం లేదు. పీఎం కిసాన్ సొమ్ము భూమి సొంతదారుకే వస్తుంది, అది ఆయనకే ఉంటుంది. ఈ సంగతులు ఆయన స్వయంగా చదువుకున్నాక చాలాసార్లు మెత్తబడతారు.

ఎప్పుడు అడగాలన్నదీ ముఖ్యమే. దాళ్వా (రెండో పంట) మాసూళ్లు, అంటే కోతలూ నూర్పిళ్లూ అయ్యాక, కాలువలు కట్టేసిన రోజుల్లో, ఆ ఏటి శిస్తు (యజమానికిచ్చే కౌలు) పూర్తిగా చెల్లించిన వెంటనే అడగండి. బాకీ ఉన్నవాళ్ల మాటకు బలం ఉండదు. మొదట మీకు ఆ చేను కుదిర్చిన పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి, లేదా ఆయనతోనే ఫోను చేయించండి. హైదరాబాదులో ఉన్నవారు సంతకం కోసం ఊరు రావాలంటే పండగో పెళ్లో ఉండాలి. ఆ రాక ఎప్పుడో ముందే కనుక్కుని, ఫారం నింపి సిద్ధంగా ఉంచుకోండి. ఆయన ఊళ్లో ఉన్న రెండు రోజుల్లో ఫారం కోసం సచివాలయానికి పరుగులు పెట్టే పరిస్థితి రాకూడదు.

ఫారం నింపేటప్పుడు ఒకచోట జాగ్రత్త. భూముల రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీ (ల్యాండ్ పార్సిల్) నంబర్లు వచ్చాయి. యజమాని దగ్గరున్న పాత పాసుపుస్తకంలో ఒక నంబరు, కంప్యూటర్‌లో మరొకటి ఉంటాయి. విస్తీర్ణంలోనూ అయిదో పదో సెంట్లు తేడా రావచ్చు. మీ సేవలోనో సచివాలయంలోనో తాజా 1-బీ, అడంగల్ (సాగు వివరాల రికార్డు) నకళ్లు తీసుకుని వాటిలో ఉన్నట్టే రాయండి. ఇంకో చిక్కు, భూమి ఇంకా చనిపోయిన తండ్రి పేరు మీదే ఉండటం. అలా ఉంటే కొడుకు సంతకం పనికిరాదు. ముందు వారసుల పేరు ఎక్కాలి, దానికి చాలా కాలం పడుతుంది. మీ యజమాని విషయంలో ఇది ఇప్పుడే తెలుసుకోండి.

ఈ కార్డు గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానో ఒక ఉదాహరణ చూడండి. మా పక్క ఊళ్లో మీలాగే వలస వచ్చిన ఒకావిడ సార్వా (మొదటి పంట) ధాన్యం ప్రభుత్వ కేంద్రానికి అమ్మింది. కళ్లంలో రెండు రాత్రులు పరదాలు కప్పుతూ తీస్తూ ఆరబెట్టింది. తేమ 17 శాతం దాటితే కోత పడుతుందని ప్రతి పూటా గుప్పెడు గింజలు పంటి కింద కొరికి చూసుకుంది. బస్తాలు లారీకెక్కాయి, ట్రక్ షీటు వచ్చింది. డబ్బు జమైనట్టు సందేశం మాత్రం యజమాని ఫోనుకు వెళ్లింది. ఈ-పంటలో, అంటే ఎవరు ఏ పంట వేశారో రాసే ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదులో, ఆయన పేరే ఉంది మరి. ఆ ఖాతాలో పాత పంట రుణం గడువు మీరి ఉండటంతో బ్యాంకు వచ్చిన సొమ్మును అప్పుకు జమ కట్టుకుంది. యజమాని మంచివాడే, తీర్చాడు. కానీ సంక్రాంతికి రావలసిన డబ్బు ఉగాదికి వచ్చింది. ఆలోపు దాళ్వా పెట్టుబడికి ఆవిడ నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చింది.

కాబట్టి కార్డు చేతికొచ్చినంత మాత్రాన సరిపోదు. అదే సీజనులో రైతు సేవా కేంద్రానికి వెళ్లి ఈ-పంటలో సాగుదారుగా మీ పేరు ఎక్కించుకోవాలి, వేలిముద్ర వేయాలి, రసీదు తీసుకోవాలి. ధాన్యం అమ్మకం, తుపాను నష్టం లెక్క, పంట బీమా, అన్నీ ఆ నమోదునే చూస్తాయి. భూమి లేని కౌలు రైతుకు అన్నదాత సుఖీభవ సాయం అందాలన్నా ఈ రెండూ ఉండాలి. 2025-26 సీజనుకు మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389. అంటే 75 కిలోల బస్తా సాధారణ రకమైతే దాదాపు 1,777 రూపాయలు. పేరు నమోదు కాని కౌలు రైతు కళ్లంలోనే దళారికి అమ్ముకుంటాడు. బస్తాకు 200 తగ్గించి అడిగాడనుకోండి, అరవై బస్తాల మీద 12,000 పోయినట్టే. రెండెకరాల మీద బతికే ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

కార్డు ఎవరి పేరున తీసుకోవాలి? మీ పేరున తీసుకోమంటాను. మీ ఆయన కొబ్బరి దింపులకో తాపీ పనులకో బయటి ఊళ్లకు వెళుతుంటారని రాశారు. ఈ-పంట వేలిముద్రకూ ధాన్యం అమ్మేరోజుకూ ఊళ్లో ఉండే మనిషి పేరే దస్త్రంలో ఉండాలి. మీ పేరున ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా ఉందో లేదో, ఆ ఖాతాకు ఇచ్చిన ఫోను నంబరు ఇంకా వాడుకలో ఉందో లేదో ముందే చూసుకోండి. వలస వచ్చినవాళ్ల పనులు ఎక్కువగా ఆగిపోయేది ఎప్పుడో మార్చేసిన ఫోను నంబరు దగ్గరే.

సంతకానికి యజమాని ససేమిరా అంటే? అప్పుడు కూడా ఊరుకోవద్దు. శిస్తు ఎన్ని బస్తాలు, ఎప్పుడు, ఎలా చెల్లించాలి, తుపాను వచ్చి పంట పోతే ఎంత తగ్గించుకుంటారు, ఇవి తెల్లకాగితం మీదైనా ఇద్దరు సాక్షులతో రాసుకోండి. డబ్బు రూపంలో ఇచ్చేది బ్యాంకు ద్వారా పంపండి. నిజంగా సాగు చేస్తున్నది మీరేనని రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకులకు, మండల వ్యవసాయ అధికారికి లిఖితపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. పొలానికి వచ్చి చూసి వెళ్లమనండి. కార్డు ఇచ్చినంత బలం దీనికి లేదు, కానీ చేతిలో ఏమీ లేకపోవడం కన్నా వెయ్యి రెట్లు మేలు.

బ్యాంకు విషయం. కిసాన్ క్రెడిట్ కార్డు నియమాల ప్రకారం కౌలు రైతులూ, నోటిమాట కౌలుదారులూ, పాలుకు చేసేవారూ అర్హులే. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా వ్యవసాయ రుణానికి తనఖా అడగకూడదు. 3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. కానీ మీరు ఒక్కరే కార్డు పట్టుకుని వెళితే, ఆ భూమి మీద యజమాని ఇదివరకే అప్పు తీసుకున్నారని తిప్పి పంపడం ఎక్కువగా జరుగుతుంది. మీలాంటి కౌలు రైతులు నలుగురు నుంచి పది మంది దాకా కలిసి ఉమ్మడి బాధ్యత బృందంగా వెళ్లండి. ఒకే ఇంటి నుంచి ఇద్దరిని తీసుకోరు, అందుకే మీ పేరొక్కటే చాలు. బృందంలో ఎవరెవరు ఉండాలన్నది బాగా ఆలోచించి కూర్చుకోండి, ఒకరు ఎగ్గొడితే అందరి మీదా పడుతుంది. బీమాకు సార్వా వరికి రైతు వాటా గరిష్ఠంగా బీమా మొత్తంలో 2 శాతం, దాళ్వాకు 1.5 శాతం. గడువు దాటకముందే కట్టండి. 1996 నవంబరులో కోనసీమను తుపాను ఎలా ఊడ్చిపెట్టిందో మీ ఊరి పెద్దవాళ్లను అడగండి, ఆ ప్రీమియం ఎవరికీ భారమనిపించదు.

మీరు అడగకపోయినా చెప్పవలసినది ఒకటుంది. కార్డు కోసం ఇంత కష్టపడే ముందు ఆ చేను అందుకు తగినదేనా అని చూసుకోండి. వలస వచ్చినవాళ్లకు ఊళ్లో మంచి చేలు దొరకవు. శివారు చేలు, మురుగు పక్కవి, రొయ్యల చెరువును ఆనుకున్నవి వాళ్ల వాటాకు వస్తాయి, శిస్తు రెండు మూడు బస్తాలు తక్కువని సంతోషపడతారు. రాజోలు దీవికి నీళ్లు గన్నవరం అక్విడక్టు (నది మీదుగా కాలువను దాటించే వంతెన) దాటి రావాలి. జూన్‌లో ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీళ్లు వదిలినా శివారు బోదెకు (చేలకు నీళ్లిచ్చే పిల్ల కాలువకు) ఎప్పుడు చేరతాయన్నది వేరే ప్రశ్న. నీళ్లు ఆలస్యమైతే నాట్లు ఆలస్యం, నాట్లు ఆలస్యమైతే కోత సమయానికి అక్టోబరు, నవంబరు తుపాన్లు వచ్చిపడతాయి. ఇలా నీటి ఆలస్యం, పూడుకుపోయిన మురుగు కాలువలు, గిట్టని ధర కలిసే 2011లో కోనసీమ రైతులు సార్వా మానేసి పంట విరామం ప్రకటించారు. ఆ ఏడాది భూమి ఉన్నవాళ్లు బీడు పెట్టుకుని బతికారు, కౌలుదారులకూ కూలీలకూ పని పోయింది.

చేను చూడటానికి ఎండ రోజున కాకుండా పెద్ద వాన పడిన మూడో రోజున వెళ్లండి. పై చేలల్లో నీరు తీసి, మీ చేలో మోకాలి లోతు నిలిచి ఉంటే ఆ మురుగు లాగడం లేదని అర్థం. వేసవిలో గట్ల మీద తెల్లటి పొర కనిపించినా, పక్క చెరువు వైపు వరుస మొక్కల కొసలు ఎండినా ఉప్పు ఊరుతోందన్నమాట. కాలువ నీళ్లు చూసే లస్కరును అడిగితే ఏ బోదెకు ఎన్నో రోజుకు నీళ్లు వస్తాయో ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. చేను ముంపు చేనే అయితే, వేరేది దొరికేదాకా మారుటేరు పరిశోధన కేంద్రంవారి స్వర్ణ రకానికి ముంపు తట్టుకునే గుణం చేర్చిన స్వర్ణ సబ్-1 విత్తనం వేసుకోండి. రెండు వారాల దాకా నీట మునిగినా తిరిగి కోలుకుంటుంది. అయితే ఇది తాత్కాలికమే. ముంపు చేను మీద స్థిరపడాలని మాత్రం అనుకోవద్దు.

ఇప్పుడు నివాసం సంగతి. మొదట ఆధార్‌లో చిరునామా. అద్దె ఇంటివాళ్లు రాతపూర్వక ఒప్పందానికి ఒప్పుకోకపోతే, ఆధార్ సంస్థ నిర్ణయించిన నమూనాలో పంచాయతీ సర్పంచో గెజిటెడ్ అధికారో ఇచ్చే ధ్రువపత్రం చెల్లుతుంది. మీ ఇద్దరిలో ఒకరి చిరునామా మారితే చాలు, కుటుంబ పెద్ద ఆధారంగా రెండోవారిదీ పిల్లలదీ మార్చుకోవచ్చు. ఆ తర్వాత సచివాలయంలో కుటుంబ వివరాల నమోదులో మీ ఇంటిని పాత ఊరి సచివాలయం నుంచి ఇక్కడికి మార్పించుకోవాలి. ఇక్కడ ఒక మెట్టు చాలామంది మర్చిపోతారు. మీ పేర్లు ఇంకా అత్తమామల బియ్యం కార్డులోనే ఉంటే, ముందు మీ దంపతుల కార్డు విడిపోవాలి, ఆ తర్వాతే ఇక్కడికి మారాలి. తొందరపడి అందరినీ కలిపి మార్చేస్తే అక్కడున్న పెద్దవాళ్ల పెన్షనుకు ఇబ్బంది రావచ్చు.

బియ్యం గురించి కంగారు అక్కర్లేదు. కార్డు అక్కడే ఉన్నా వేలిముద్ర వేసి ఇక్కడి చౌకధరల దుకాణంలో బియ్యం తీసుకోవచ్చు. రాష్ట్రంలోనే కాదు, ఒకే దేశం ఒకే రేషన్ కార్డు విధానంలో దేశమంతటా ఈ వీలుంది. కాబట్టి కొత్త కార్డు రాకముందే పాతదాన్ని రద్దు చేయించుకోవద్దు. కౌలు కార్డు తీసుకుంటే రెండెకరాల మాగాణి ఉన్నట్టు లెక్కేసి బియ్యం కార్డు తీసేస్తారేమోనని కొందరు భయపడతారు. బియ్యం కార్డు నిబంధనలో ఉన్న 3 ఎకరాల మాగాణి, 10 ఎకరాల మెట్ట పరిమితి సొంత భూమికి. కౌలు భూమి మీ సొంతం కాదు.

ఓటు మార్చుకోవడానికి ఫారం 8 ఇవ్వండి. ఫారం 6 కొత్తగా నమోదయ్యేవారిది. అది నింపి అక్కడా ఇక్కడా రెండు చోట్ల ఓటు ఉంచుకోవడం చట్టరీత్యా నేరం. చట్టం అడిగేది మామూలుగా ఎక్కడ నివసిస్తున్నారన్నదే. సొంత ఇల్లుందా అని అడగదు. అద్దె ఇల్లని బూత్ అధికారి తిరస్కరిస్తే కారణం రాసిమ్మనండి. పంచాయతీ ఎన్నికలో మీ ఓటు ఈ ఊళ్లో ఉంటే బోదె పూడిక గురించి మీరు మాట్లాడినప్పుడు వినే తీరే మారుతుంది. ఓటుకు నేను చాలా విలువ ఇస్తాను.

పిల్లల విషయంలో కాలం చాలా విలువైనది. బదిలీ పత్రం ఆలస్యమైందని బడిలో చేర్చుకోకుండా ఉండటానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు, అది మీకు తెలిసే ఉంటుంది. తెలియాల్సింది స్థానికత. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జిల్లా స్థాయి ఉద్యోగాలకు, పదో తరగతితో ముగిసే వరుస నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకు స్థానికులు. మీ పెద్దమ్మాయి ఇప్పుడు ఆరులో ఉందన్నారు. ఏడు నుంచి పది దాకా ఒక్క ఏడాది కూడా తెగకుండా ఇక్కడే చదివితే ఇక్కడి స్థానికురాలవుతుంది. మధ్యలో ఒక ఏడాది అమ్మమ్మ దగ్గరకు పంపితే లెక్క మారిపోతుంది. ప్రతి తరగతికీ చదువు ధ్రువపత్రం తీసి దాచండి. తల్లికి వందనం డబ్బు కూడా బియ్యం కార్డు, కుటుంబ నమోదు, 75 శాతం హాజరు చూశాకే తల్లి ఖాతాలో పడుతుంది.

మీరు డ్వాక్రా సంఘంలో చేరండి. ఇది నేను కాగితం కోసం చెప్పడం లేదు. వలస వచ్చిన ఇంటిని ఊరు తనదిగా లెక్కించడం సంఘం సమావేశంలో మొదలవుతుంది. ఎవరి చేను ఖాళీ అవుతోంది, ఏ యజమాని సంతకం పెడతాడు, ఏ ఇల్లు అద్దెకు వస్తోంది, ఈ కబుర్లన్నీ అక్కడే తెలుస్తాయి. సొంతూరి సంఘంలో మీ పొదుపు ఉంటే లెక్క తేల్చుకుని, అప్పేమీ లేదని రాయించుకుని తెచ్చుకోండి. ఇక్కడి సంఘం వెంటనే చేర్చుకోకపోవచ్చు. సభ్యులు ఎవరైనా మానేసినప్పుడు ఖాళీ వస్తుంది, ముందే చెప్పి ఉంచండి.

కాలువ గట్టు మీద మూడు సెంట్లు కొనవద్దు. గట్లు జలవనరుల శాఖవి, పుంతలు (బండి దారులు) ప్రభుత్వానివి. నోటరీ కాగితం మీదో తెల్లకాగితం మీదో రాసి అమ్మే మనిషికి అందులో హక్కే లేదు. మీరిచ్చే డబ్బుకు దక్కేది ఖాళీ చేయమనే నోటీసు మాత్రమే. పట్టా స్థలం అని చెబితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. ఏ స్థలమైనా బయానా ఇవ్వకముందు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రెండు చూడండి. ఒకటి ఆ నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా అని, రెండోది ఈసీలో (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రంలో) పాత లావాదేవీలు ఏమున్నాయని. లంకల్లో (గోదావరి మధ్య దీవుల్లో) చవకగా వస్తుందని ఎవరైనా చూపిస్తే ఇది గుర్తుంచుకోండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరినప్పుడు మొదటి హెచ్చరిక ఇస్తారు, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఆ స్థలం ఏ హెచ్చరికకు మునుగుతుందో చుట్టుపక్కలవాళ్లను అడిగాకే మాట్లాడండి. ఆ సొమ్మును ప్రస్తుతానికి దాళ్వా పెట్టుబడికి వాడుకోండి. బియ్యం కార్డు ఇక్కడికి మారాక ప్రభుత్వ ఇంటి స్థలానికి సచివాలయంలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇదే ప్రశ్న ఒడిశా నుంచి వచ్చినవాళ్లూ అడుగుతుంటారు కాబట్టి ఒక్క మాట. కౌలు కార్డు, ఆధార్, ఓటు, బియ్యం వారికీ ఇదే దారి. అయితే ఎస్సీ, ఎస్టీ హోదా రాష్ట్రం మారితే రిజర్వేషను కోసం వెంట రాదు. మన రాష్ట్రంలోపలే మారిన మీలాంటివాళ్లకు ఆ ఇబ్బంది లేదు. బీసీ జాబితాలో మాత్రం కొన్ని కులాలకు జిల్లాల హద్దు రాసి ఉంది. మీ కులం అందులో ఉందేమో, పిల్లల ధ్రువపత్రం తీసుకునే ముందు తహసీల్దారు కార్యాలయంలో కనుక్కోండి. సొంతూరిలో తీసుకున్న పాత కుల ధ్రువపత్రాలు, మీ పెద్దల రికార్డులు పారేయకుండా తెచ్చుకోండి.

ఈ వేసవికి పని వరుస ఇది. మాసూళ్లు కాగానే శిస్తు తీర్చి రసీదు తీసుకోండి. 1-బీ, అడంగల్ తాజా నకళ్లు తీసుకుని ఎల్‌పీ నంబరు సరిచూడండి. ఒప్పందం ఫారం మూడు ప్రతులు నింపండి. యజమాని ఆధార్ నకలు ఆయన ఊరు వచ్చినరోజే అడిగి తీసుకోండి. సంతకం అయిన మర్నాడే గ్రామ రెవెన్యూ అధికారికి అందజేసి దరఖాస్తు నంబరు రాయించుకోండి. కార్డు చేతికొచ్చాక, నాట్లు పడిన వారంలోనే ఈ-పంట నమోదుకు వెళ్లండి. సర్వర్ పనిచేయడం లేదంటే మళ్లీ ఏ రోజు రమ్మంటారో అడిగి ఆ రోజు తప్పకుండా వెళ్లండి. మీ ఆయన బయటి ఊరు వెళితే ఆ వేలిముద్ర మీరే వేయాలి కాబట్టి, కొడవలి పట్టే చేతులకు వేలిగీతలు అరిగి యంత్రం గుర్తించకపోతే ఆధార్ కేంద్రంలో ముందే వేలిముద్రలు కొత్తగా ఇచ్చి రండి.